చూపుడు వేలికి 14

ఈ పేజీలో నేను మామూలుగా నవలల గురించీ, ఎప్పుడైనా మనసు పుడితే సినిమాల గురించీ రాస్తుంటాను. ఈసారి తీసుకున్న రచనకి కర్త పేరు లేదు. ముందుమాట లేదు. వెనక అట్ట మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న రచయిత ఫోటో లేదు. నాలుగు పేజీలు కూడా వుండదు. అయినా ఈ మధ్య నేను ఇన్నిసార్లు తిరగేసిన రచన మరొకటి లేదు. దాని పేరు మొదటి షెడ్యూలు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టానికి చివర తోకలా వేలాడుతూ వుండేది. పనిలో వుండగా ఒంట్లో ఏ భాగం పోతే ఆ మనిషి సంపాదించుకునే శక్తి నూటికి ఎంత పోయినట్టో చెప్పే పట్టిక.

చట్టానికి సమీక్ష ఏమిటని నవ్వకండి. వంటల పుస్తకాన్ని సమీక్షించినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఇదీ కొలతల పుస్తకమే.

భుజం కీలు దగ్గర చెయ్యి తీసేస్తే 90. హస్తం మొత్తం పోతే 60. బొటనవేలు మినహా మిగిలిన నాలుగూ పోతే 50. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40. బొటనవేలు 30. చూపుడువేలు 14. మధ్యవేలు 12. ఉంగరపువేలు గానీ చిటికెనవేలు గానీ 7. రెండు చేతులూ పోతే, లేదా రెండు కళ్ళూ పోతే 100. అంతే. నెల మొదట్లో కిరాణా కొట్టుకి పంపే చిట్టాకి దీనికీ శైలిలో పెద్ద తేడా లేదు. విశేషణం ఒక్కటి కూడా వృథాగా పడదు. పొదుపైన రచన కావాలని యువ రచయితలకి చెబుతుంటాం కదా, ఇంతకంటే పొదుపు నేనెక్కడా చూడలేదు.

అనువాదాలు చదివే అలవాటున్నవాళ్ళకి మొదట కంట్లో పడేవి కొలతలు. చెయ్యి ఎంతవరకు తెగిందో చెప్పేటప్పుడు పట్టిక 20.32 సెంటీమీటర్లు అంటుంది. ఇంకోచోట 11.43 సెంటీమీటర్లు. ఇదేం కొలతండీ? ఏ దర్జీ అయినా ఇరవై పాయింట్ ముప్ఫైరెండు అని టేపు పడతాడా? కాస్త లెక్క వేసి చూస్తే గుట్టు బయటపడింది. 20.32 అంటే సరిగ్గా 8 అంగుళాలు. 11.43 అంటే నాలుగున్నర అంగుళాలు. పైగా బ్రిటన్‌లో పని ప్రమాదాలకి వాడే పట్టికలోనూ చూపుడువేలు 14, మధ్యవేలు 12, చివరి రెండూ తలా 7. అంటే మనది తర్జుమా. మూలంలో ఆ అంకెలు దేహానికి ఎంత లోపం కలిగిందో చెబుతాయి. మన దగ్గరికి వచ్చేసరికి అవే అంకెలు సంపాదన ఎంత తగ్గిందో చెప్పడం మొదలుపెట్టాయి. మాటకి మాట తెచ్చి అర్థాన్ని దారిలో జారవిడుచుకోవడం అనువాదకులకి కొత్త కాదు గానీ, ఇక్కడ జారిపోయినది ఎవరిదో ఒకరి బియ్యం డబ్బు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 1923లో మొదట అచ్చైన పట్టిక ఇంకా పిసినారిది. చూపుడువేలికి 10, మిగతా ఏ వేలికైనా 5. అయితే దానికి ఒక సంగతి తెలుసు. మోచేతి పైన కుడిచెయ్యి పోతే 70, ఎడమచెయ్యి అయితే 60 అని వేరు చేసింది. 1962లో కొత్త పట్టిక వచ్చింది, కుడిఎడమల తేడా పోయింది. అంకెలు పెరిగాయి, సంతోషమే. కానీ అన్నం కలుపుకునేదీ, తాంబూలం ఇచ్చేదీ, పనిముట్టు పట్టేదీ, సంతకం పెట్టేదీ ఒకే చేత్తో అయిన మన దేశంలో ఆ తేడా ఎందుకు చెరిపేశారో నాకు అంతుపట్టలేదు.

మొత్తం రచనలో ఉపమానం లాంటిది ఒక్కటే వుంది. ఎముక పోకుండా వేలి కొస మాత్రం తెగితే దాన్ని 'గిలటిన్' తెగుడు అంటుంది. ఫ్రెంచి విప్లవంలో రాజుగారి తల తీసిన కత్తి పేరది. అంత పెద్ద మాట వాడి, చిటికెనవేలి కొసకి కట్టిన విలువ 2.

చిటికెనవేలు అంటే మనకేమిటో వేరే చెప్పాలా? పెళ్ళిలో ఆ వేలు పట్టుకునే కదా అగ్ని చుట్టూ తిరిగాం. ఏడడుగులు నడిచారు గనక 7 ఇచ్చారని సరిపెట్టుకుందాం. ఉంగరపువేలు దర్భ పవిత్రం తొడిగేది. చూపుడువేలు బిడ్డకి చందమామను చూపించేది. సరే, చట్టం ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలని నేననను. జీతానికి సంబంధించిన చట్టం జీతం మాటే మాట్లాడనీ. కానీ ఆ ఒక్క మాటైనా సరిగ్గా మాట్లాడిందా?

బొటనవేలు సంగతి చూడండి. 30. మన భారతంలో ఒక బొటనవేలు వుంది. దాన్ని అడిగినవాడు ద్రోణుడు. చెయ్యి అడగలేదు, కన్ను అడగలేదు, కుడిచేతి బొటనవేలు అడిగాడు. విలువిద్య చేసేవాడికి అది పోతే ఏం పోతుందో గురువుగారికి బాగా తెలుసు. తర్వాత ఏకలవ్యుడు మిగిలిన వేళ్ళతో బాణం వేసి చూస్తాడు. బాణం వెళుతుంది, మునుపటి వేగం మాత్రం వుండదు. మన పురాణాల్లో శాశ్వత పాక్షిక వైకల్యాన్ని ఇంత కచ్చితంగా చెప్పిన చోటు ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు. నూటికి 70 మిగిలింది కదా, పోయి పోటీలో నిలబడవయ్యా అని షెడ్యూలు అంటుంది. ద్రోణుడు అలా అనుకోలేదు. వేలు ఎవరిదో చూసుకుని మరీ అడిగాడు. చెడ్డ పనే, కానీ చదవడం వచ్చినవాడు.

అసలు నేనీ పట్టిక జోలికి ఎందుకు పోయానో చెప్పాలి. మా పెద్ద అంబర్‌పేట విజయవాడ దారి మీద, ఔటర్ రింగురోడ్డు వచ్చి కలిసే చోట వుంది. ఇబ్రహీంపట్నం వైపు పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో కొన్ని షెడ్లయ్యాయి. రేకుల కప్పు, ముందొక షట్టరు, లోపల ఏం చేస్తారో బోర్డు వుండదు. చప్పుడు మాత్రం వినిపిస్తుంది. 2022లో మా వీధి చివర అద్దెకున్నామె ఒక ప్లాస్టిక్ సంచీ నిండా కాగితాలు పట్టుకుని వచ్చింది. "అక్కా, నువ్వు బుక్కులు సదువుతవు గదా, ఇండ్ల ఏం రాసిన్రో జర చూడు" అంది. పుస్తకాలు చదవడం ఒకరికి పనికొచ్చే విద్య అని నాకు తట్టడం అదే మొదలు.

ఆమె భర్తకి ముప్ఫై ఏళ్ళు. ఎనిమిదిమంది పనిచేసే షెడ్డులో ప్రెస్సు మిషను నడిపేవాడు. ఆ మిషను సంగతి ఆమె చెప్పిందే నేను చెబుతాను, ఇంజనీర్ల కంటే బాగా చెప్పింది. ఒక చేత్తో రేకు ముక్క అచ్చు మీద పెట్టాలి. కాలితో పెడలు తొక్కాలి. పై అచ్చు దబ్బున దిగి లేస్తుంది. చెయ్యి పెట్టి ఆ ముక్క తీసి, ఇంకోటి పెట్టాలి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇదే. పాత రకం ప్రెస్సుల్లో ఒకసారి తొక్కితే మధ్యలో ఆపడం వుండదు, చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరగవలసిందే. లోపలి క్లచ్చు అరిగిపోతే తొక్కకుండానే రెండోసారి దిగుతుంది. ఆ రోజు దిగింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి.

ఇప్పుడు పట్టిక తీయండి. చూపుడువేలు 14, మధ్యవేలు 12, కూడితే 26. తొందరపడకండి. 'ఒక చేతికి రెండు వేళ్ళు' అని వేరే వరస వుంది. దాని ప్రకారం 20. రెండు చీరలు కలిపి కొంటే తగ్గింపు ఇచ్చినట్టన్నమాట. అదే ఉంగరపువేలూ చిటికెనవేలూ పోయివుంటే విడివిడిగా 14, కలిపితే 20, అక్కడ లాభం! ఏ కథలోనైనా పాత్ర వయసు మూడో పేజీలో ఒకలా ఐదో పేజీలో ఒకలా వుంటే సంపాదకులు తిప్పి పంపుతారు. ఇది మాత్రం 1962 నుంచి పునర్ముద్రణలు పొందుతూనే వుంది.

డబ్బులోకి మార్చి చూద్దాం. నెల జీతం 12,000. అందులో నూటికి 60 తీసుకుంటే 7,200. ముప్ఫై ఏళ్ళవాడికి చట్టం ఇచ్చిన గుణకం 207.98. రెండూ హెచ్చవేస్తే 14,97,456 రూపాయలు. ఇది మనిషి పూర్తిగా పనికిరాకుండా పోతే వచ్చేది. దానిలో 20 వంతులంటే 2,99,491. 26 వంతులైతే 3,89,338. తేడా తొంభై వేలకి కాస్త తక్కువ. వాళ్ళుండే ఇంటికి ఏడాదిన్నర అద్దె.

మన కథల మాటకొస్తాను, నా అసలు వృత్తి అదే కనక. కార్ఖానా ప్రమాదం మన పత్రిక కథల్లో ఎన్నోసార్లు జరిగింది. దాదాపు ప్రతిసారీ "మిషన్లో చెయ్యి పడింది" అని ఒక వాక్యం, ఆ వెంటనే ఆసుపత్రి వరండా, తెల్ల దుప్పటి. ఆ తర్వాత అతను పోతాడు, లేదా నాయకుడవుతాడు. మొదటిదానివల్ల కథానాయికకి కష్టం వస్తుంది, రెండోదానివల్ల కథకి సందేశం వస్తుంది. మూడో దారి ఒకటుంది, అతను ఇంటికొస్తాడు. మర్నాడు పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవాలి. అక్కడికి వచ్చేసరికి మన రచయితలకి సిరా అయిపోతుంది.

సినిమా కొంచెం మేలు. 'షోలే' (1975) మీరంతా చూసే వుంటారు. ఠాకూరుగారికి రెండు చేతులూ లేవు, పట్టిక ప్రకారం 100. ఆ శాలువా జారిపడే దృశ్యానికి థియేటర్లు ఊపిరి బిగబట్టాయి. అంత పెద్ద సినిమాలో ఠాకూరుగారికి అన్నం ఎవరు తినిపించారు, చెప్పులు ఎవరు తొడిగారు అని ఆలోచించారా? రామ్‌లాల్ అనే నౌకరు ఒకడున్నాడు, నీడలా నిలబడి వుంటాడు. పగ ఠాకూరుది, పాటలు ధర్మేంద్రవి, రామ్‌లాల్‌కి మిగిలింది పని. డబ్బులేని ఇళ్ళల్లో ఆ రామ్‌లాల్ వేషం ఎవరిదో మీకు తెలుసు.

చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' (1936) మాత్రం వేరే జాతి. యంత్రం పళ్ళ చక్రాల మధ్య చాప్లిన్ దూరి బయటికి రావడం అందరికీ గుర్తుంటుంది. నాకు అంతకంటే గుర్తుండేది దానికి ముందు జరిగే చిన్న సంగతి. భోజనం గంట కొడతారు, బోల్టులు బిగించే పని ఆగుతుంది, చేతులు మాత్రం ఆగవు. ఖాళీ గాలిలో బోల్టులు బిగిస్తూనే వుంటాయి. పక్కవాడి గిన్నెలో సూపు ఒలికిపోతుంది. నవ్వొస్తుంది. యంత్రం దగ్గర్నుంచి మనిషి వచ్చేసినా యంత్రం మనిషిలోంచి పోదని ఆయన మాట లేకుండా చెప్పాడు. మా వీధి చివరామె ఒకనాడు చెప్పింది: "రాత్రిపూట లేని ఏళ్ళు దురద పెడ్తున్నయంటడక్కా, ఏడ గోకాలె?" అలా వుంటుందని డాక్టర్లూ అంటారు, తెగిన అవయవం వున్నట్టే అనిపించడం చాలామందికి జరుగుతుంది. షెడ్యూలులో దానికి వరస లేదు.

బంతి భోజనాలకి అతను వెళ్ళడం మానేశాడు, ఎడమచేత్తో తినడం పదిమందిలో సిగ్గనిపించి. రేషన్ షాపులో వేలిముద్ర మిషను మీద ఎడమచేతి వేలు పెడతాడు. పిల్లాడి స్కూలు కాగితాల మీద సంతకం ఆమె చేస్తుంది. ఇవేవీ కన్నీళ్ళు పెట్టించే సంగతులు కావు. రోజూ వుండేవి, అంతే.

ఆ సంచీలో ఒక స్టాంపు కాగితం కూడా వుంది. ఆసుపత్రి బిల్లు కట్టి, నలభై వేలు చేతిలో పెట్టి, ఇకమీదట ఏ క్లెయిమూ లేదని రాయించుకున్నారు. సంతకం చేసే వేళ్ళు కట్టులో వున్నాయి గనక ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించారు. ఆ కాగితం చూసి ఆమె ఆశ వదులుకుంది. కానీ చట్టంలో 17వ సెక్షను ఒకటుంది. పరిహారం హక్కును వదులుకుంటూ కార్మికుడు ఏ ఒప్పందం రాసినా అది చెల్లదు. మొత్తం చట్టంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. ఆ మాట చెప్పినప్పుడు ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

యజమాని రెండో మాట కూడా అన్నాడట: గార్డు వాడే తీసేశాడని. చట్టంలో దీనికీ చోటుంది. తాగి వుంటేనో, రక్షణ కోసం పెట్టినదాన్ని కావాలని తీసేస్తేనో పరిహారం రాదు. అయితే మనిషి చచ్చిపోతేనో పూర్తిగా పనికిరాకుండా పోతేనో ఆ మినహాయింపు వర్తించదు. ప్రాణం పోతే తప్పెవరిదని అడగని చట్టం రెండు వేళ్ళు పోతే అడుగుతుందన్నమాట. గార్డు వుంటే గంటకి ఇన్ని ముక్కలు అన్న లెక్క తప్పుతుంది. ఆ లెక్క పెట్టింది ఎవరు? పట్టిక చెప్పదు, అది దాని పని కాదు.

మా ఇంట్లో బట్టలుతికే మిషను వుంది. గుడ్డలు పిండుతుండగా మూత ఎత్తామా, ఆగిపోతుంది. మిక్సీ జాడీ సరిగ్గా కూర్చోకపోతే కొన్ని రకాలు తిరగనే తిరగవు. ప్రెస్సుకీ అలాంటి బుద్ధి నేర్పడం ఎప్పుడో తెలుసు. రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కితేనే దిగేట్టు పెడితే చెయ్యి అచ్చు కింద వుండే వీలే లేదు. కాంతి తెర పెడితే వేలు అడ్డు రాగానే ఆగే ప్రెస్సులున్నాయి. కదిలే భాగాలకి కంచె కట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మనం దసరాకి మిషనుకి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, నిమ్మకాయ కడతాం. కట్టనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నిమ్మకాయకి చోటున్నప్పుడు మీటకీ వుంటుంది.

ఇది మా ఒక్క ఊరి కథ కాదు. గుర్‌గావ్ చుట్టుపక్కల కార్ల విడిభాగాలు చేసే కార్ఖానాల గురించి 'సేఫ్ ఇన్ ఇండియా' అనే సంస్థ 2019 నుంచి 'క్రష్డ్' అనే పేరుతో నివేదికలు వేస్తోంది. అక్కడా ప్రెస్సులే, వేళ్ళే. ఇ.ఎస్.ఐ. కార్డు వుంటే దెబ్బతిన్నవాడికి వైద్యం, శాశ్వత నష్టానికి నెలనెలా జీవితాంతం డబ్బు రావాలి. చాలామందికి ఆ కార్డు ప్రమాదం జరిగాకే చేతికొచ్చిందని ఆ నివేదికలు చెబుతాయి. మా వీధివాళ్ళకి అదీ లేదు, పదిమంది కంటే తక్కువున్న షెడ్డుకి ఇ.ఎస్.ఐ. వర్తించదు.

ఇంత నిష్ఠూరమాడాను గనక, ఈ పట్టికను బాగా చదివిన పాఠకుడి గురించి కూడా చెప్పాలి. 1968లో ఒక సినిమాహాలుకి అలంకారపు పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమచెయ్యి మోచేతికి పైన తీసేయవలసి వచ్చింది. యజమాని పట్టిక చూపించాడు: ఇది పాక్షిక నష్టం వరసలో వుంది, మొత్తం ఎలా ఇస్తాను? కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1975 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనక అతని నష్టం నూటికి నూరు అన్నారు. పైగా డబ్బు ప్రమాదం జరిగిన రోజునుంచే బాకీ పడినట్టు అన్నారు. చెయ్యి కొలత చూడలేదు, చెయ్యి ఎవరిదని అడిగారు. ద్రోణుడు అడిగిన ప్రశ్నే, ఈసారి ఇవ్వడానికి.

ఆడవాళ్ళ మాట లేకుండా ముగించలేను. ఆ చట్టంలో 8వ సెక్షను ప్రకారం ఒక స్త్రీకి మొత్తంగా చెల్లించవలసిన పరిహారం ఆమె చేతికి ఇవ్వకూడదు, కమిషనరు దగ్గర డిపాజిట్ చెయ్యాలి. మైనర్లనూ మతి స్థిమితం లేనివాళ్ళనూ మనల్నీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టారు. మొదటిసారి చదివి మండిపడ్డాను. తర్వాత నలభై వేల స్టాంపు కాగితం గుర్తొచ్చింది. మరిది, బావగారు, అప్పులవాడు గుమ్మంలో నిలబడి వుండగా కొత్తగా విధవరాలైన ఇరవై ఏళ్ళ పిల్ల చేతిలో నోట్ల కట్ట పెట్టడం ఎలాంటిదో ఎవరికో తెలిసే రాసివుంటారు. రెండు అభిప్రాయాలూ నాలో ఇంకా పోట్లాడుకుంటూనే వున్నాయి.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. అట్ట మారింది. షెడ్యూలు మాత్రం అంకెలు చెదరకుండా అందులోకి వచ్చి కూర్చుంది. చూపుడువేలు 14, మధ్యవేలు 12, రెండూ కలిపితే 20. మా వీధి చివరివాళ్ళకి ఆ 20 లెక్కనే వచ్చింది, ఇచ్చిన నలభై వేలూ మినహాయించుకుని. ప్రెస్సు పనికి మళ్ళీ ఎవరూ పిలవలేదు. అతనిప్పుడు రింగురోడ్డు అవతల ఒక వెంచరులో రాత్రి కాపలా, నెలకి 9,000.